చెప్పులు నిలబడే ఊరు

క్యూలో బుద్ధిగా నిలబడటమే నాగరికత అని ఎవరైనా అంటే నమ్మకండి. క్యూలో నిలబడకుండా క్యూలో ఉండటం నాగరికత! ఈ సంగతి పట్నం వాళ్ళకు ఇంకా తెలియదు. మా కందిమడుగుకు తెలిసి మూడేళ్ళయింది.

మా ఊళ్ళో యూరియా కోసం మనుషులు నిలబడరు. చెప్పులు నిలబడతాయి.

నవ్వకండి. ముందు మా ఊరి గురించి రెండు ముక్కలు చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం. కందిమడుగు ఒక మండల కేంద్రం. రెండు రైసు మిల్లులు, మూడు మందుల దుకాణాలు (మనుషుల మందులు కావు, పురుగుల మందులు), ట్రాక్టర్లు బాగుచేసే ఒక గల్లీ, బుధవారం సంత, ఒక సొసైటీ గోదాము. మా ఊళ్ళో పెళ్ళి ముహూర్తం అడిగితే పంతులుగారు పంచాంగం చూసి, కళ్ళజోడు తీసి, "కాలువ నీళ్ళు ఎప్పుడు వదులుతున్నారంట?" అని అడుగుతారు. కటింగ్ షాపులో కుర్చీ ఎక్కితే జుట్టు ఎంత తియ్యాలని ఎవరూ అడగరు, నాట్లు అయినాయా అని అడుగుతారు. అవ్వలేదంటే తొందరగా కత్తిరించి పంపేస్తారు. బడిలో పిల్లలకు ఎండాకాలం సెలవులు సర్కారు ఇస్తుంది, నాట్ల సెలవులు వాళ్ళే తీసుకుంటారు.

అలాంటి ఊళ్ళో వానాకాలం వచ్చిందంటే అందరి నోటా ఒకటే మాట. యూరియా వచ్చిందా? వస్తుందా? ఎప్పుడొస్తుంది? చుట్టం ఇంటికొస్తే మంచినీళ్ళు ఇచ్చేలోపే, "మీ దిక్కు దొరుకుతాందా?" అని అడుగుతారు.

ఒకప్పుడు మేమూ మీలాగే అనాగరికంగా ఉండేవాళ్ళం. ఎండలో నిలబడేవాళ్ళం. తోసుకునేవాళ్ళం. ఒకళ్ళ అమ్మమ్మల్ని ఒకళ్ళు తలుచుకునేవాళ్ళం. మూడేళ్ళ కింద ఒకరోజు మొండయ్య అనే రైతుకు లైన్లో మోకాళ్ళు పట్టేశాయి. "నా వల్ల కాదుల్లా" అంటూ చెప్పులు అక్కడే విడిచి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నాడు. వెనకవాళ్ళు ముందుకు జరగబోతే అక్కడినుంచే అరిచాడు. "ఏయ్! నా చెప్పులు ఉన్నయా లేవా? చెప్పులుంటె నేనున్నట్టే!"

పావుగంటలో లైను మొత్తం చాయ్ హోటల్లో ఉంది. చరిత్రలో ఇలాంటి ఘట్టాలు అరుదుగా వస్తాయి. వచ్చినప్పుడు నాలాంటివాడు చూసి రాయాలి, అంతే.

నాలాంటివాడంటే ఎవరని అడుగుతారేమో. సొసైటీకి సరిగ్గా ఎదురుగా జెరాక్స్ షాపు నాది. ఊరంతా 'జెరాక్స్ సారు' అంటారు. అప్పుడప్పుడూ పేపరుకు కాలమ్ కూడా రాస్తుంటాను. ఈ పద్ధతిని నేను పొగడటంలో స్వార్థం ఉందనీ, చెప్పులు లైన్లో ఉంటే మనుషులు నా అరుగు మీద కూర్చుని, కూర్చున్న పాపానికి ఆధార్ కార్డు, పాసుపుస్తకం జెరాక్సులు తీయించుకుంటారనీ గిట్టనివాళ్ళు అంటుంటారు. గిట్టనివాళ్ళు ఏమైనా అంటారు!

మూడేళ్ళలో మా పద్ధతి ఎంత ఎదిగిందో చూడండి. ఇప్పుడు దానికి చట్టాలున్నాయి. చెప్పులు జతగా ఉండాలి. ఒంటి చెప్పు చెల్లదు. కుక్క ఎత్తుకుపోయినా సరే, చెల్లదు. చెప్పు మొన గోదాము షట్టరు వైపు ఉండాలి, తిరగబడి ఉంటే ఆ మనిషి ఇంటికి పోయినట్టు లెక్క. ఇటుకలు, రాళ్ళు, నీళ్ళ సీసాలు పనికిరావు. పాసుపుస్తకం జెరాక్సు పెడితే ఒప్పుకోవాలని నేను గట్టిగా వాదించాను. గాలికి ఎగిరిపోతుందని కొట్టేశారు.

లాభాలు ఒకటా రెండా? ఇతర ఊళ్ళలో లైన్లో తోపులాటలు, స్పృహ తప్పడాలు, పోలీసులు. మా ఊళ్ళో? చెప్పులు తోసుకోగా మీరెప్పుడైనా చూశారా? ఎండకు కళ్ళు తిరిగి పడిపోయిన చెప్పు ఎక్కడైనా ఉందా? పైగా ఊరంతా వట్టికాళ్ళతో తిరుగుతుంది కాబట్టి ఆరోగ్యం. పట్నంలో ఇదే పనికి గడ్డి పెంచి, టికెట్టు పెట్టి, దానికో ఇంగ్లీషు పేరు పెడతారట!

కొత్త వ్యాపారం కూడా పుట్టింది. బస్టాండు పక్కన చెప్పులు కుట్టే దుకాణంలో 'క్యూ చెప్పులు' అమ్ముతారు. అవి తొడుక్కోవడానికి కావు. పట్టీ తెగినవి, అడుగు అరిగినవి, అచ్చంగా నిలబెట్టడానికే. స్థోమత ఉన్న రైతు క్యూ చెప్పులు లైన్లో పెట్టి, కాలి చెప్పులు వేసుకుని దర్జాగా తిరుగుతాడు. ఒక లీడరుగారైతే మెరిసే తోలు బూట్లు పంపిస్తారు. ఆ బూట్ల మహిమ ఏమో గానీ, పొద్దున తొంభైయో నంబర్లో పెడితే మధ్యాహ్నానికి నాలుగో నంబర్లో ఉంటాయి. ఎవరు జరిపారంటే ఎవరూ జరపలేదు! మిగతా చెప్పులే మర్యాదగా వెనక్కి తగ్గి ఉంటాయి.

కాళ్ళూ చెప్పులూ రెండూ ఒక్కొక్క జతే ఉన్నవాళ్ళు కూడా ఊళ్ళో ఉన్నారు. కొమురవ్వ అలాంటిది.

కొమురవ్వది కాలువ చివర రెండెకరాలు. భర్త పోయి ఆరేళ్ళు. నాటు నుంచి కలుపు దాకా అన్నీ తనే. కాళ్ళకు నీలం రంగు స్లిప్పర్లు, ఎడమదాని పట్టీ ఊడిపోతే పిన్నీసు పెట్టి ఉంటుంది. నాటు వేసిన ఇరవై అయిదో రోజుకల్లా రెండు బస్తాలు చల్లితే పైరు పిలకలు వేస్తుంది. ఆలస్యమైతే తర్వాత ఎంత చల్లినా లాభం తక్కువ. పిలకలు లేకపోతే వడ్లు లేవు, వడ్లు లేకపోతే వచ్చే ఏడు దాకా తిండికి వెతుక్కోవాలి. ఆ రెండు బస్తాల కోసం ఆమె అప్పటికి రెండుసార్లు లైన్లో చెప్పులు పెట్టింది. రెండుసార్లూ తన వంతు రాకముందే స్టాకు అయిపోయింది.

మూడోసారి ఇరవై ఆరో రోజున చీకటి విడవకముందే వచ్చి పెట్టింది. పంతొమ్మిదో నంబరు. లారీ వస్తే నాలుగు వందల బస్తాలు దిగుతాయి. పంతొమ్మిది అంటే సంచి చేతికొచ్చినట్టే!

"కొట్టినవ్ పో అవ్వా!" అన్నాడు మొండయ్య, నా అరుగు మీద కాళ్ళు చాపుకుని. "పంతొమ్మిదా? నీకు ఇయ్యాల యూరియా, నాకు చాయ్!"

"చాయేంది, బిర్యానీ పోయిస్త. ముందు లారీ రానియ్యి" అంది కొమురవ్వ. "పొలం సూస్తె పేగులు గుంజినట్టయితాందిరా మొండిగా. పిల్లలకు పాలు లేనట్టు పాలిపోయింది. గట్టు మీద నిలబడ బుద్ధి అయితలేదు."

"బిర్యానీ పోస్తరా అవ్వా? పెడ్తరు."

"మీ ఇంట్ల పెడ్తరేమో. నేను ఎన్నడన్న వండినదాన్నైతె గద తెలిసేది!"

అరుగంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే రోడ్డు వైపు చూసింది. పొద్దున్నుంచీ ఆమె చూపు రోడ్డు మీదే ఉంది.

పదకొండింటికి లారీ రాలేదు గానీ, కారొచ్చింది.

తెల్ల కారు. అందులోంచి పెద్దసారు దిగారు. ఏ ఊళ్ళో రద్దీ ఎక్కువగా ఉందో చూసి, ఆ లెక్కన లారీలు పంపడానికి పైనుంచి వచ్చారట. చేతిలో పలకంత ఫోను. సొసైటీ గుమస్తా ఓదెలు తాళంచెవులు ఎక్కడో మరిచిపోయి వెతుక్కుంటున్నాడు. మా ఊరి తరఫున మాట్లాడటానికి చదువుకున్నవాడు ఒకడు కావాలి కదా? నేనే చొక్కా సర్దుకుని ముందుకు వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. పెద్ద బాధ్యతలు పిలవకుండానే తీసుకోవాలి.

"నమస్తే సార్! కందిమడుగుకు స్వాగతం!"

"నమస్తే. ఇక్కడ పరిస్థితి ఏమిటండీ?" ఫోన్లో ఏదో నొక్కుతూ అడిగారు. "లైన్లో ఎంతమంది నిలబడుతున్నారు?"

ఇలాంటి ప్రశ్న కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. గుండె ఉప్పొంగింది.

"ఒక్కరు కూడా నిలబడరు సార్!" అన్నాను. "మా ఊళ్ళో ఆ ఖర్మ ఎప్పుడో పోయింది!"

పెద్దసారు తలెత్తి చూశారు. నిజమే. ఎండలో ఒక్క మనిషి లేడు. మూసిన షట్టరు ముందు రెండు వంకర్లు తిరిగిన వరసలో చెప్పులు మాత్రం ఉన్నాయి.

"ఈ చెప్పులేమిటి? లోపల భజన ఏమైనా జరుగుతోందా?"

"కాదు సార్, అదే మా పద్ధతి. మూడేళ్ళ కింద మా మొండయ్యకు మోకాళ్ళు పట్టేసినప్పుడు..."

మొదలుపెట్టాను. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నాకు తెలుసు, ఎక్కడ ముగించాలో మాత్రం ఎప్పుడూ తెలియదు. మా ఆవిడ కూడా అదే అంటుంది. నేను మోకాళ్ళ నుంచి చట్టాల దాకా వచ్చేసరికి ఆయన ఫోను మోగింది.

అప్పుడే నా వెనకనుంచి కొమురవ్వ అరుగు దిగి వచ్చింది. "సారూ, జర నా ముచ్చట ఒక్కటి..."

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఆగవ్వా. నేను మాట్లాడుతున్న గదా! పోయి కూర్చో."

కొమురవ్వ ఆగిపోయింది. సారు మీద గౌరవంతో కాదు, నా మీద నమ్మకంతో ఆగింది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

పెద్దసారు ఫోన్లో మాట్లాడుతూనే కారెక్కారు. అద్దం సగం దింపి, "వెరీ గుడ్, వెరీ గుడ్! మీ ఊరు ఆదర్శమండీ!" అన్నారు.

ఆదర్శం! విన్నారా? నేను అరుగు మీదికి వెళ్ళి ఆ మాట మూడుసార్లు చెప్పాను. మొండయ్య చప్పట్లు కొట్టాడు. హోటలాయన నాకు చాయ్ ఉట్టిగా పోశాడు. కొమురవ్వ ఒక్కతే అడిగింది.

"యూరియా ముచ్చట అన్నవా సారూ?"

"అసలు సంగతికే వస్తున్ననవ్వా, ఇంతలో ఆయనకు ఫోనొచ్చింది. అయినా ఆదర్శమని అన్నడంటే ముందు మనకే పంపిస్తడు కదా!"

"గట్లనా" అంది. నమ్మింది పాపం.

రెండు గంటలకు లారీ వచ్చింది.

దూరంనుంచే గుర్తుపట్టాం. తెల్ల బస్తాలు, మీద నీలం పరదా. మిల్లు దాటింది, బస్టాండు దాటింది, సొసైటీ ముందున్న స్పీడ్ బ్రేకరు దగ్గర నెమ్మదైంది. "వచ్చింది! వచ్చింది!" అని కేకలు. చాయ్ గ్లాసులు కింద పెట్టి, బీడీలు పారేసి, అందరం లేచి ఉరికాం.

ఎక్కడికి ఉరికామంటారు? లారీ దగ్గరికా? కాదు. ఎవరి చెప్పుల దగ్గరికి వాళ్ళం!

పాఠకులారా, ఆ దృశ్యం మీరు చూడాల్సింది. నిమిషం తిరక్కుండా నూట పదకొండు మంది, ఎవరి చెప్పుల్లో వాళ్ళు కాళ్ళు పెట్టి, ఒక్క తోపులాట లేకుండా, మొన షట్టరు వైపు పెట్టుకుని నిలబడ్డారు. మిలిటరీలో కూడా అంత చక్కగా నిలబడరు. షట్టరు వైపు నిలబడ్డామంటే రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డామన్నమాట. లారీ మా వెనకనుంచి స్పీడ్ బ్రేకరు దిగి, గేరు మార్చుకుని, పక్కూరు రేగులపాడు వైపు వెళ్ళిపోయింది.

కొమురవ్వ ఒక్కతే చెప్పుల దగ్గరికి రాలేదు. ఆమె లారీ వెనక ఉరికింది.

"ఓ బిడ్డా! డ్రైవరు బిడ్డా! ఆపురా! ఇక్కడ్నే దింపాలె, ఇక్కడ్నే!"

కొంగు నడుముకు చుట్టుకుని, కాలే తారు రోడ్డు మీద వట్టికాళ్ళతో ఉరికింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పెట్రోలు బంకు దాకా ఉరికింది. లారీ ఆగలేదు. అక్కడ కంకర కుప్ప మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడిపోయింది. మేమంతా లైన్లోంచి మెడలు తిప్పి చూస్తున్నాం. లైను విడిచి వెళితే నంబరు పోతుందని ఒక్కరం కూడా కదల్లేదు.

అప్పుడు ఓదెలు ఫోను చెవికి పెట్టుకుని బయటికొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"మన లోడు రేగులపాడుకు మళ్ళిచ్చిండ్రట సారూ. అక్కడ మూడొందల మంది రోడ్డు మీద అడ్డం పండుకున్నరట. మన దగ్గర లైన్ల జీరో అని రాసిండ్రట."

"జీరో ఏందిరా!" మొండయ్య ఎగిరి పడ్డాడు. "నూట పన్నెండు జతలు కండ్లకు కనబడలేదా?"

"జతలకు గడి లేదట కాకా ఆ ఫోన్ల. మనుషులకే ఉన్నదట." ఓదెలు నా వైపు చూశాడు. "ఒక్కరు కూడ నిలబడరు అని మన ఊరాయనే చెప్పిండని రాసిండ్రట."

లైను లైనంతా నా వైపు తిరిగింది. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నా జీవితంలో అదే మొదలు. సన్మానం జరిగితే ఎలా ఉంటుందా అని ఎన్నోసార్లు ఊహించుకున్నాను గానీ, ఇలా ఊహించుకోలేదు.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. కొమురవ్వ కుంటుకుంటూ తిరిగొచ్చి, పంతొమ్మిదో నంబర్లోంచి స్లిప్పర్లు తీసుకుని, బొబ్బలెక్కిన కాళ్ళకు వేసుకోలేక చేత పట్టుకుంది. నా షాపు ముందు ఆగింది.

"నేను లేస్తె కూసోమంటివి సారూ" అంది. "నీకు మాటలొస్తయి గదా, నాకంటె మంచిగ చెప్తవనుకున్న."

అంతే. వెళ్ళిపోయింది.

ఇంత జరిగినా నేను నా వాదాన్ని వదులుకోలేదు సుమా! కాలమిస్టు అంత తేలిగ్గా లొంగితే ఎలా? ఆలోచించి చూస్తే మా ఊరు సాధించింది చిన్న విషయమా? దేశమంతా యూరియా కొరత అని గోల పెడుతుంటే, కాగితం మీద కొరత లేని ఊరు మాదొక్కటే! లైన్లో జీరో! ఎవరికీ ఏమీ అక్కర్లేని ఊరు! రేగులపాడు వాళ్ళు రోడ్డు మీద పొర్లి పొర్లి తెచ్చుకున్నది నాలుగు వందల బస్తాలే. మేం చాయ్ తాగుతూ ఆదర్శం తెచ్చుకున్నాం. పొలంలో చల్లడానికి ఆదర్శం కుదరదన్నది వేరే విషయం.

ఈ ధోరణిలోనే ఒక మంచి వ్యాసం సగం రాశాను కూడా. నాలుగో రోజు పొద్దున కొమురవ్వ షాపుకొచ్చింది. కాళ్ళకు పాత చీరపీలికలు కట్టుకుని ఉంది. చేతిలో వేళ్ళతో సహా పెరికిన ఒక వరి మొక్క. ఒక్కటంటే ఒక్క పిలక లేదు. ఆకులు కొసనుంచి మొదలు దాకా పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. మట్టి కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది.

"దీన్ని జెరాక్స్ తియ్యి సారూ."

"దీన్నా?"

"ఆ. పెద్దసారుకు పంపుదాం. మాటలు వద్దు. పొలం ఎట్లున్నదో ఆయననే సూసుకుంటడు."

మొక్కను అద్దం మీద పడుకోబెట్టాను. మూత వేసి, మీట నొక్కాను. వెలుగు ఇటునుంచి అటు పోయింది. కాగితం వేడిగా బయటికొచ్చింది.

నా మిషను నలుపూ తెలుపూ మాత్రమే తీస్తుంది. కాగితం మీద ఆ మొక్క నల్లగా, నిగనిగలాడుతూ, మా మండలంలో ఈ ఏడు ఎవరి పొలంలోనూ లేనంత ఏపుగా ఉంది.

కొమురవ్వ కాగితాన్ని చాలాసేపు చూసింది. మొక్కను చూసింది. మళ్ళీ కాగితాన్ని చూసింది.

"ఇది పంపితె మనకొచ్చే ఇంకో లారీ సుత ఆపుతడు సారూ" అంది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. అవును, సరదా మనిషినే, అయినా సిగ్గుంటుంది. "తప్పయిందవ్వా" అన్నాను. "రేపు మళ్ళీ వస్తున్నరట సారు. ఈసారి మొత్తం వివరంగా చెప్తా, కాగితం రాసుకుని మరీ..."

"వద్దు!" ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వేం చెప్పకు. షాపు బంద్ పెట్టి, నోరు మూసుకోని, వచ్చి నా ఎనక నిలబడు. లెక్కల ఒక్క మనిషివన్న అయితవు."

మరి ఈ రాతంతా ఎక్కడ కూర్చుని రాశావని అడుగుతారేమో. కూర్చుని రాయలేదు. సగం రాసిన ఆ మంచి వ్యాసాన్ని చించేసి, సొసైటీ ముందు ఎండలో, కొమురవ్వ వీపు వెనక నిలబడి, పాసుపుస్తకం అట్ట కింద పెట్టుకుని ఇది రాస్తున్నాను. నా వెనక మొండయ్య, మోకాళ్ళను తిట్టుకుంటూ. అతని వెనక ఊరు. పెద్దసారు కారు ఇంకా రాలేదు. నాటు వేసి ఇవాళ్టికి ముప్ఫై ఒకటో రోజు.